పాత బండి, కొత్త ఛాసిస్, మధ్యలో ఇంజను

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. వారి కాలంలో మోటారు బళ్ళు లేవు గనుక అంతటితో ఊరుకున్నారు. ఉండివుంటే "ఇంజను మార్చి చూడు" అని మూడవది కూడా తప్పక చేర్చేవారు.

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, మన కళాశాల వర్క్‌షాపులో నేను చదువుకున్న రోజులు గుర్తుకు వచ్చాయి. అప్పట్లో ఏ బండి కనపడినా మేము అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హార్స్ పవర్?" అనే. రెండవ ప్రశ్న ఉండేది కాదు. ఆ తర్వాత ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్నప్పుడు, ఒక పాత పికప్ ట్రక్కును కొత్త ఛాసిస్ మీద నిలబెట్టే పనిలో నాకు చేయి కలిపే అవకాశం దొరికింది. ఆ పనిలో నేర్చుకున్నది తరగతిలో చదివినదే. కాకపోతే తరగతిలో మార్కులు పోతాయి, అక్కడ చేతులు కాలుతాయి, డబ్బు పోతుంది, అజాగ్రత్తగా ఉంటే ప్రాణాలే పోతాయి. ఆ అనుభవాన్ని ఒక పాఠంగా మీ ముందు ఉంచుతున్నాను.

అసలు ఈ పని ఎందుకు చేస్తారు?

అమెరికాలో షెవర్లే కంపెనీ 1947 వేసవి నుండి 1955 తొలి నెలల వరకు ఒక తరహా ట్రక్కులు తయారుచేసింది. గుండ్రని మడ్‌గార్డులు, ముందు అడ్డంగా అయిదు పట్టీలున్న గ్రిల్లు, చూడగానే గుర్తుపట్టే రూపం. వాటిలో అర టన్ను బండిని 3100 అని పిలిచేవారు. రైతులు, వడ్రంగులు, చిన్న దుకాణాలవాళ్ళు కొనుక్కున్న బండి అది. మనకూ షెవర్లే కొత్త పేరేమీ కాదు. దాని మాతృసంస్థ జనరల్ మోటార్స్ 1928 నుండి 1954 వరకు బొంబాయిలోని సేవ్‌రీలో బళ్ళు బిగించి అమ్మింది. మన తాతల తరంవారిని అడిగితే షెవర్లే లారీల సంగతి చెబుతారు.

ఆ 3100 బండి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాని నేటి రోడ్డు మీద నడపడం కష్టం. 1953 వరకు దానిలో ఉన్నది 216 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను, సుమారు 90 హార్స్ పవర్. కనెక్టింగ్ రాడ్డు బేరింగులకు పంపు ఒత్తిడితో నూనె అందదు. రాడ్డు అడుగున ఉండే చిన్న గరిటె చాంబరులోని నూనెను తోడుకోవాలి. నలభై మైళ్ళ వేగానికి అది చక్కటి ఏర్పాటే. గంటకు 70 మైళ్ళ జాతీయ రహదారికి మాత్రం కాదు. బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మాస్టర్ సిలిండరుకు ఒకటే గది. ఎక్కడ ఒక్క గొట్టం కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కరెంటు ఆరు వోల్టులు.

అందుచేత చాలామంది చేసే పని ఇది: పాత క్యాబు, మడ్‌గార్డులు, వెనుక పెట్టె ఉంచుకుని, వాటి క్రింద కొత్త కాలపు చిన్న పికప్ ఛాసిస్‌ను పెడతారు. షెవర్లే వారిదే ఎస్-10 అనే బండి 1982 మోడలుగా వచ్చి 2004 వరకు నడిచింది. దాని ఛాసిస్ అమెరికాలో పాత సామాన్ల దొడ్లలో చవకగా దొరుకుతుంది. ముందు డిస్క్ బ్రేకులు, రెండు గదుల మాస్టర్ సిలిండరు, పవర్ స్టీరింగు, ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షను, ఇవన్నీ దానితోనే వస్తాయి. పైన 1951, క్రింద 1993 అన్నమాట.

ఛాసిస్ మారిన తర్వాత ప్రశ్న మొదలవుతుంది: ఇప్పుడు దీనిలో ఏ ఇంజను పెట్టాలి?

తాతగారి బండి

మా వీధిలో ఒక రిటైరైన పెద్దమనిషి ఉండేవారు. ఆయన తండ్రి పొలం పనులకు కొన్న 1951 మోడల్ 3100 బండి కొట్టంలో ఏళ్ళ తరబడి పడివుంది. ఛాసిస్ వెనుక భాగం తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. ఆయన 1993 నాటి ఎస్-10 బండి ఒకటి కొన్నారు. దాని బాడీ పాడైపోయింది గాని క్రింద అంతా గట్టిగానే ఉంది. దానిలో 4.3 లీటర్ల ఆరు సిలిండర్ల 'వి' ఇంజను, నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్నాయి.

అంతటితో ఆగక ఆయన ఇంకొకటి కూడా కొన్నారు. 1978 నాటి పెద్ద కారు నుండి విప్పిన 350 ఘనపుటంగుళాల 'వి-8' ఇంజను. "ట్రక్కంటే వి-8 ఉండాలయ్యా, ఆ చప్పుడే వేరు" అని ఆయన పట్టు. ఎంత చదువుకున్నా నాకూ ఆ చప్పుడంటే లోపల ఇష్టమే. ఇద్దరం ఆ ఇంజను మీద గుడ్డ కప్పి, వారం వారం తీసి చూసుకుంటూ ఉండేవాళ్ళం.

ఒక శనివారం ఆయన మనవడు వచ్చాడు. పదహారో ఏడు నిండబోతోంది. అక్కడ ఆ వయసుకే డ్రైవింగ్ లైసెన్సు వస్తుంది. "తాతా, పూర్తయ్యాక నేను దీన్ని బడికి తీసుకెళ్ళవచ్చా?" అని అడిగాడు. తాతగారు "నీ కోసమేగా చేస్తున్నది" అన్నారు.

ఆ మాట విన్న తర్వాత నా లెక్కలన్నీ మళ్ళీ మొదటినుండి వేశాను. అంతవరకు మేము ఇంజనుకు బండిని వెతుకుతున్నాం. నడిపేవాడు ఎవరో అప్పటిదాకా అనుకోనే లేదు.

మొదటి లెక్క: పెద్ద ఇంజను ఎంత పెద్దది?

విద్యార్థి మిత్రులు ఈ లెక్క కాగితం మీద వేసి చూడవచ్చు. 350 ఇంజను బోరు 4.00 అంగుళాలు, స్ట్రోకు 3.48 అంగుళాలు. బోరును బోరుతో గుణించి, 0.7854తో గుణించి, స్ట్రోకుతో గుణిస్తే ఒక సిలిండరుకు 43.73 ఘనపుటంగుళాలు వస్తుంది. ఎనిమిదింటికి దాదాపు 350. అదే ఆరింటికి 262. లీటర్లలోకి మారిస్తే అదే 4.3. అనగా ఎస్-10లో ఉన్న ఆరు సిలిండర్ల ఇంజను పరాయిది కాదు. అదే వి-8 కుటుంబంలోనిది, రెండు సిలిండర్లు తగ్గించి 1985 మోడలులో తెచ్చినది. బోరు, స్ట్రోకు అవే. గేరుబాక్సు బిగించే వెనుక ముఖం కూడా అదే.

మరి తేడా ఏమిటి? సిలిండరుకూ సిలిండరుకూ మధ్య దూరం 4.40 అంగుళాలు. ప్రతి వైపునా ఒక సిలిండరు తగ్గింది కాబట్టి బ్లాకు పొడవు అంత మేర, అంటే సుమారు 112 మిల్లీమీటర్లు తగ్గింది. ఈ నాలుగున్నర అంగుళాలే తర్వాత మా కథ నడిపాయి.

ఇంకొక ఆశ్చర్యం చెబుతాను. పెద్ద ఇంజనుకు పెద్ద శక్తి ఉంటుందని మనం అనుకుంటాం. 1970ల చివర్లో అమెరికాలో పొగ నిబంధనలు బిగిసిన రోజుల్లో, కంప్రెషన్ తగ్గించి, రకరకాల గొట్టాలు తగిలించిన 350 ఇంజను పెద్ద కార్లలో సుమారు 170 హార్స్ పవరే ఇచ్చేది. 1993 నాటి 4.3 ఇంజను ఫ్యూయల్ ఇంజెక్షనుతో సుమారు 160 ఇస్తుంది. రెండు సిలిండర్ల బరువు ముందు ఇరుసు మీద మోసి, మేము సంపాదించబోయేది పది గుర్రాలన్నమాట! వి-8కి తక్కువ వేగంలో లాగే బలం ఎక్కువ ఉన్న మాట నిజమే. దాన్ని విప్పి, హెడ్లు, క్యాంషాఫ్టు మార్చితే శక్తి బాగా పెరుగుతుందన్నదీ నిజమే. కాని అప్పుడు అది చవక ఇంజను కాదు.

రెండవ లెక్క: బండికి ఎంత కావాలి?

మట్టపు రోడ్డు మీద గంటకు 60 మైళ్ళ స్థిర వేగంతో పోయే ఇలాంటి పికప్‌కు గాలి ఎదురునూ, టైర్ల దొర్లుడు ఎదురునూ కలిపి నేను వేసిన లెక్కలో సుమారు 30 హార్స్ పవర్ వచ్చింది. ఇంజను ఆరు సిలిండర్లదైనా ఎనిమిదింటిదైనా రోడ్డు అడిగేది అంతే. మిగిలిన శక్తి ఎత్తు ఎక్కడానికి, బరువు మోయడానికి, వేగం త్వరగా అందుకోవడానికి.

అయితే పాత బండి ఎందుకు రొప్పుతుంది? దానికి కారణం గేర్ల నిష్పత్తి. బండి వేగాన్ని మైళ్ళలో తీసుకుని, వెనుక ఇరుసు నిష్పత్తితోనూ 336తోనూ గుణించి, టైరు వ్యాసం అంగుళాలతో భాగిస్తే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. పాత 3100 నిష్పత్తి 4.11. టైరు 28 అంగుళాలనుకుంటే 60 మైళ్ళకు 2,959 చుట్లు, 70 మైళ్ళకు 3,452 చుట్లు. గరిటెతో నూనె తోడుకునే ఇంజనును గంటల తరబడి అలా తిప్పడం దాన్ని చంపడమే.

ఇప్పుడు కొత్త ఛాసిస్ సంగతి చూడండి. ఇరుసు నిష్పత్తి 3.73, నాలుగో గేరు 0.70 అనుకుంటే, అదే టైరుతో 60 మైళ్ళకు 1,880 చుట్లు మాత్రమే. అంటే బండికి హాయి ఇచ్చింది ప్రధానంగా ఆ నాలుగో గేరు. ఆ గేరు మాకు చవకగా దొరికిన ఎస్-10తో ముందే వచ్చింది. దానికోసం వి-8 అక్కరలేదు.

మూడవ లెక్క: చోటు

ఇంజను పెట్టే చోటు నాలుగు వైపుల నుండి ఇరుకుతుంది. ముందు రేడియేటరు, దాని వెనుక ఫ్యాను. వెనుక క్యాబు అడ్డగోడ. ఈ తరహా ఇంజన్లలో డిస్ట్రిబ్యూటరు వెనుక చివరన ఉంటుంది కాబట్టి అడ్డగోడకు అదే ముందు తగులుతుంది. క్రింద ముందు సస్పెన్షను మోసే అడ్డ దూలం. ఇంజను ఆయిల్ చాంబరు దానికి తగలకూడదు. ఎడమ ప్రక్క స్టీరింగు రాడ్డు, దానికి ఆనుకుని ఎగ్జాస్టు గొట్టాలు.

ఆరు సిలిండర్ల ఇంజనును దాని పుట్టుక చోటు నుండి కదపకుండా ఉంచి, పైన పాత క్యాబును తాళ్ళతో దించి చూశాం. ముందు ఫ్యానుకూ, వెనుక డిస్ట్రిబ్యూటరుకూ చేయి పట్టేంత చోటు ఉంది. తర్వాత వి-8ను గొలుసుతో దించి చూశాం. వెనుకకు జరిపితే అడ్డగోడ కొయ్యాలి. ముందుకు జరిపితే ఫ్యాను రేడియేటరును కొడుతుంది. మధ్యలో పెడితే ఎగ్జాస్టు స్టీరింగు రాడ్డును రాస్తుంది. ప్రతి చిక్కుకూ బజారులో ఒక విడి సామాను దొరుకుతుంది. వేరే రకం ఎగ్జాస్టు గొట్టాలు, ఎలక్ట్రిక్ ఫ్యాను, మార్చిన చాంబరు, కొత్త ఫౌండేషన్లు. చేసినవాళ్ళు వేలమంది ఉన్నారు. అది అసాధ్యమని నేను అనడం లేదు. కాని ఆ సామాన్ల ధరలు ఒక కాగితం మీద వరుసగా వ్రాసి కూడితే, చవకగా కొన్న ఇంజను ఖరీదు ఆ కూడికలో అతి చిన్న అంకె అయింది.

నాలుగవ లెక్క: జాయింటు షాఫ్టు కోణం - నేను చేసిన తప్పు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పాత 3100 చక్రాల మధ్య దూరం 116 అంగుళాలు. పొడవు పెట్టె గల ఎస్-10ది 117.9 అంగుళాలు. ముందు చక్రం మడ్‌గార్డు మధ్యలో ఉండేట్టు క్యాబు పెడితే, వెనుక చక్రం దాదాపు రెండంగుళాలు వెనక్కి పోయి అందవిహీనంగా కనిపిస్తుంది. అందుచేత వెనుక కమాన్‌పట్టీల బ్రాకెట్లు ముందుకు జరిపాం. రంధ్రాలు ఫ్రేము నిలువు ముఖంలోనే వేశాం గాని, పై అంచులోనూ క్రింది అంచులోనూ వేయలేదు. దూలం వంగినప్పుడు ఒత్తిడి అంచుల దగ్గర అత్యధికమని రెండవ సంవత్సరంలో చదువుకున్నది ఇందుకే. జాయింటు షాఫ్టును ఆ మేరకు కోయించి, మళ్ళీ బ్యాలెన్స్ చేయించాం. పినియను ఏటవాలు సరిచేయడానికి కమాన్‌పట్టీకీ ఇరుసుకూ మధ్య ఉక్కు చీలికలు పెట్టాం.

షాఫ్టు చివర ఉండే క్రాసు జాయింటు స్వభావం మీకు తెలిసిందే. అది వంపుగా తిరిగేటప్పుడు, లోనికి వచ్చే వేగం సమంగా ఉన్నా బయటికి పోయే వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వంపు 3 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు వెయ్యింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. 10 డిగ్రీలైతే నూటికి ఒకటిన్నర వంతు. దీనికి విరుగుడు రెండవ జాయింటు. గేరుబాక్సు షాఫ్టూ పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే, మొదటి జాయింటు చేసిన తప్పును రెండవది దిద్దుతుంది. వంపు ఒకటి నుండి మూడు డిగ్రీల మధ్య ఉంటే మంచిది. అసలు వంపు లేకపోయినా మంచిది కాదు. జాయింటులోని సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి.

ఇంత తెలిసినవాడిని, నేను కోణం కొలిచింది ఎప్పుడు? ఛాసిస్‌ను స్టాండ్ల మీద ఎత్తి, వెనుక చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడు! పైన క్యాబు లేదు, పెట్టె లేదు. గేరుబాక్సు వెనుకకు 3 డిగ్రీలు వాలి ఉంది. పినియను ముందుకు 3 డిగ్రీలు ఎత్తి ఉంది. రెండూ సమాంతరమని సంతోషించాను. అంతా బిగించి రోడ్డెక్కాం. 50 మైళ్ళు దాటగానే సీటు క్రింద నుండి ఒక వణుకు మొదలైంది. తాతగారు చక్రాల బ్యాలెన్స్ అన్నారు. చూపించాం, బాగానే ఉంది. వారం రోజులు వెతికాం. చివరికి బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి కొలిస్తే పినియను ఎత్తు 6 డిగ్రీలు ఉంది. బరువు పడి కమాన్‌పట్టీలు అణగగానే ఇరుసు తిరిగిపోయిందన్నమాట. 3 డిగ్రీల తేడాతో చీలికలు మార్చగానే వణుకు పోయింది.

బండి ఏ స్థితిలో నడుస్తుందో ఆ స్థితిలోనే దాన్ని కొలవాలి. ఈ వాక్యం పాఠ్యపుస్తకంలో ఉండే ఉంటుంది. నాకు మాత్రం వారం రోజులు పట్టింది.

అయిదవ లెక్క: వేడి, ఇరుసు, బ్రేకు

పెట్రోలులోని శక్తిలో స్థూలంగా మూడవ వంతు నీటి ద్వారా రేడియేటరుకు పోతుంది. ఇంజను పెద్దదైనకొద్దీ, దాని శక్తి వాడుకున్నకొద్దీ రేడియేటరు పెద్దది కావాలి. ఎస్-10 ముందు భాగపు వెడల్పుకు తగ్గ రేడియేటరుతో వి-8 ఎండాకాలం ట్రాఫిక్కులో నిలబడితే మరుగుతుంది.

ఇంజను పుట్టించిన బలం చివరకు వెనుక ఇరుసు మీద పడుతుంది. మా ఎస్-10 క్రౌను వ్యాసం ఏడున్నర అంగుళాల చిల్లర. అది ఆరు సిలిండర్ల బండికి చేసినది. వి-8తో కుర్రవాడు ఒక్కసారి గట్టిగా తొక్కితే పళ్ళు ఊడవచ్చు. అందుచేత ఇంజను మారిస్తే ఇరుసు మార్చాలి. ఇరుసు మారిస్తే షాఫ్టు, బ్రేకులు మళ్ళీ చూసుకోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. బండి బరువు 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,590 కిలోలనుకుందాం. 30 మైళ్ళ వేగంలో దాని చలనశక్తి దాదాపు 1.4 లక్షల జౌళ్ళు. 60 మైళ్ళలో దాదాపు 5.7 లక్షల జౌళ్ళు. వేగం రెండింతలైతే బ్రేకు మింగవలసింది నాలుగింతలు. దీన్ని వేడిగా మార్చి గాలికి వదలవలసింది ఆ డిస్కులూ డ్రమ్ములే. ఇంజను మార్చేవాడు ముందుగా ఈ లెక్క వేయాలి. "ఎంత వేగంగా పోతుంది?" అని అడిగే ముందు "ఎంత దూరంలో ఆగుతుంది?" అని అడగాలి.

ఈ లెక్కను తాతగారికి చూపించినప్పుడు ఆయన కాగితం వైపు చాలాసేపు చూశారు. మనవడు ప్రక్కనే ఉన్నాడు. ఆయన ఏమీ అనకుండా లేచి, వి-8 మీద కప్పిన గుడ్డను నాలుగు వైపులా లాగి సరిచేశారు. మర్నాడు దాన్ని అమ్మకానికి పెట్టారు. ఆ డబ్బుతో కొత్త డిస్కులు, కొత్త బ్రేకు గొట్టాలు, కొత్త మాస్టర్ సిలిండరు, మూడు సీట్లకూ బెల్టులు కొన్నాం. బెల్టు బిగించే చోట క్యాబు నేలకు క్రింద నుండి మందపాటి ఉక్కు పలకలు వేశాం. పాత రేకును నమ్మి బెల్టు బిగిస్తే గుద్దుకున్నప్పుడు బోల్టు రేకుతో సహా ఊడి వస్తుంది.

చట్టం సంగతి

ఇలాంటి బండికి రెండు నెంబర్లుంటాయి. క్యాబుది ఒకటి, ఛాసిస్‌ది మరొకటి. ఏ నెంబరు మీద రిజిస్టరు చేయాలన్నది అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధం. నెంబరు పలకలు పీకి మార్చడం అక్కడ కేంద్ర చట్టం ప్రకారం నేరం. పొగ నిబంధనలకు సంబంధించి, మార్చే ఇంజను బండి సంవత్సరం కన్నా పాతది కాకూడదన్నది కాలిఫోర్నియా వంటి చోట్ల నియమం. 1993 ఛాసిస్‌లో 1978 ఇంజను పెడితే ఆ నియమానికి ఎదురు ఈదినట్లే. కాబట్టి మొదటి బోల్టు విప్పకముందే రిజిస్ట్రేషను ఆఫీసుకు వెళ్ళి అడగడం తెలివైన పని.

మన దేశంలో పరిస్థితి వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఏభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ బండిగా రిజిస్టరు చేయాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను ఇట్టే మార్చినది పనికిరాదు. కనుక మన మిత్రులెవరూ ఈ వ్యాసం చదివి ఇంట్లోని పాత జీపును విప్పవద్దని మనవి. లెక్కలు మాత్రం ఎక్కడైనా లెక్కలే.

పని వరుస

నా అనుభవంలో ఈ పనికి సరైన వరుస ఇది. ఒకటి: బండి ఎవరు నడుపుతారు, ఎక్కడ నడుపుతారు అన్నది తేల్చుకోవాలి. రెండు: చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి. మూడు: ఛాసిస్ మీద క్యాబు, పెట్టె, మనుషుల బరువు ఉంచి, బండి నిలబడే ఎత్తు నిర్ణయించుకోవాలి. నాలుగు: బ్రేకులు, స్టీరింగు. అయిదు: ఇరుసు, గేర్ల నిష్పత్తి. ఆరు: అప్పుడు ఇంజను. ఏడు: రేడియేటరు, షాఫ్టు కోణం. రంగు అన్నిటికన్నా చివర. చాలామంది ఇంజనుతో మొదలుపెడతారు, కొందరు రంగుతోనే మొదలుపెడతారు. సగంలో ఆగిపోయిన బళ్ళు కొట్టాల్లో ఎన్నో ఉన్నాయంటే కారణం చాలావరకు ఇదే.

వి-8 పెట్టకూడదా అని మీరు అడగవచ్చు. పెట్టవచ్చు. ఇరుసు, రేడియేటరు, బ్రేకులు, ఫౌండేషన్లు అన్నీ దానికి తగ్గట్టు మార్చే ఓపికా డబ్బూ ఉంటే నిక్షేపంగా పెట్టవచ్చు. అప్పుడు మీరు మార్చినది ఇంజనును కాదు, మొత్తం బండిని అని తెలిసి పెట్టాలి.

ఆ బండి పూర్తయిన రోజు మనవడు నడిపాడు. తాతగారు ప్రక్కన, నేను తలుపు వైపు. మూడు సీట్ల బెంచీ గనుక ముగ్గురం సరిపోయాం. ఊరి చివర ఖాళీ రోడ్డు మీద ఆయన ఉన్నట్టుండి "ఆపు!" అన్నారు. కుర్రవాడు బ్రేకు తొక్కాడు. బండి ఏ ప్రక్కకూ లాగకుండా, గీత గీసినట్టు ఆగింది. తాతగారు తల ఊపి, "సరే, ఇక పోనీ" అన్నారు.

విప్పిన 216 ఇంజను ఇప్పటికీ ఆ కొట్టంలో ఒక మూల చెక్క దిమ్మల మీద ఉంది. దాన్ని అమ్మడానికి ఆయన ఒప్పుకోలేదు. నేను కూడా అడగలేదు.